గేటు పడిన వేళ

కాశీబుగ్గ గేటు పడితే
ఊరంతా తిట్టుకుంటుంది.
ఆటోవాళ్లు ఇంజన్లు ఆపీసి బీడీలు ముట్టిస్తారు,
పాలకేన్ల కుర్రాడు వాచీ చూసుకుని నోరు చప్పరిస్తాడు,
బ్యాంకు మేడం హారన్ కొడుతూనే ఉంటుంది
రైలు పక్కకి తప్పుకుంటుందన్నట్టు.
నేనొక్కదాన్నే
లోపల్లోపల దండం పెట్టుకుంటాను,
గూడ్సవ్వాలి, పొడుగుదవ్వాలి,
సిగ్నలందక ఇక్కడే నిలబడిపోవాలి అని.

ఎనిమిదిన్నరకి జీడి ఫ్యాక్టరీ.
ఆలస్యమైతే మేస్త్రీ పూట కోసీస్తాడు.
"గేటు పడింది బాబూ" అంటే మాత్రం ఏమీ అనలేడు,
ఆడికీ పడుతుంది కదా గేటు.

చంకలో నా గుంట.
అంగన్‌వాడీ పుస్తకంలో పేరు మోక్షిత.
ముందు పుట్టినవాడు నిలవలేదని
దీన్ని చాటెడు తవుడుకి అమ్మి, మళ్లీ కొనుక్కున్నాం గనక
ఇంట్లో తవిటి.
చెన్నైలో సెంట్రింగ్ పనికెళ్లిన వాళ్ల నాన్నకి
ఇది ఫోన్లో పొడుగవుతుంది.
నాకు గేటు దగ్గర.
మూడేళ్లు నిండి నాలుగు నెలలు.
నడవగలదు. నడవదు. నేనూ నడవమనను.

"అమ్మా, లైలు!"
ఇంక లెక్క మొదలు.
ఒకటి, లెండు, మూడు, ఏడు, ఏడు, పది, ఏడు.
దాని లెక్కలో ఏడు ఎన్నోసార్లు వస్తుంది.
రానీ.
బొగ్గు పెట్టెల నల్లపొడి ఎగిరి
దాని చేతిలో బిస్కట్ మీద వాలుతుంది,
ఉఫ్ అని ఊదుకుని తినీస్తుంది.
దాని మెడ మడతలో
పౌడరు, చెమట, పొద్దున్న కారిన పాలు,
కళ్లు మూసుకుని ఒక్క పీల్పు.

నా వేళ్లు అడక్కండి.
జీడిపాలు తినీసిన వేళ్లు.
రేషను మిషన్ మీద పెడితే మళ్లీ పెట్టు, మళ్లీ పెట్టు అంటుంది,
నేనెవరో దానికి తెలీదు.
బుగ్గ నిమిరితే గరుకు తగిలి
తవిటి మొహం తిప్పీస్తుంది.
అందుకే మణికట్టుతో ముట్టుకుంటాను,
గడ్డంతో, ముక్కుతో,
ఒక్కోసారి ఉత్తి ఊపిరితో.
దాని అరచెయ్యి మాత్రం
నా మెడ వెనక నిండుగా అంటుకుంటుంది
ఐదు వేళ్లూ, గీతలతో సహా.
మధ్యాహ్నం బల్ల మీద వంగి గింజలు కొడుతుంటే
ఊరికే అక్కడ తడుముకుంటాను.
పక్క బల్ల ఢిల్లేశ్వరి చూసి
"మెడ పట్టిందేటే?" అంటుంది.
పట్టింది అంటాను.

మొన్న సోమవారం
గేటు దించుతూ దాలయ్య చెప్పాడు,
"బ్రిడ్జి స్తంభాలు లేచిపోనాయమ్మా,
ఏడాది తిరిగేసరికి ఈ గేటుండదు,
నిమిషంలో అటు దిగిపోవచ్చు."
అందరూ హమ్మయ్య అన్నారు.
నేనూ అన్నాను,
అనకపోతే బాగోదు గనక.

నిన్న పొడుగు గూడ్సు.
తవిటి వేలు చాపింది.
ఒకటి, రెండు, మూడు
రెండు.
లెండు కాదు.
ఎప్పుడు మారిందో.
నేను గింజలు కొడుతున్నప్పుడు మారి ఉంటుంది,
ఏ టీచరమ్మ దిద్దిందో.
పదకొండు దాకా తప్పు లేకుండా వచ్చీసి
నా మొహంలోకి చూసింది.
"ఓలమ్మ, నా తల్లే!" అన్నాను,
మరీ గట్టిగా అదిమీసినట్టున్నాను,
"నొప్పమ్మా" అంది.

గార్డు పెట్టె వెళ్లిపోయింది.
గేటు లేచింది.
హారన్లన్నీ ఒక్కసారే కదిలాయి.
"దింపీ అమ్మా, నేను నడుస్తాను."
పట్టాల మీద దింపకూడదన్నాను.
అవతలికెళ్లాక దింపుతానన్నాను.
బ్యాంకు మేడం వెనక నుంచి అరుస్తోంది.
ఒక పట్టా.
ఇంకో పట్టా.
మెల్లిగా దాటాను.